అందించని మాట

అయినా ఉప్పు వెయ్యకపోతే మాత్రం ఏమవుతుంది, తినేవాడు లేనప్పుడు, అనుకుంది ఆమె పొయ్యి ముందు నిలబడి. గిన్నెలో రెండు బంగాళాదుంపలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉడుకుతున్నాయి. పొయ్యి ఎప్పుడు వెలిగించిందో, నీళ్లు ఎప్పుడు పోసిందో గుర్తులేదు. ఆదివారం మధ్యాహ్నం నాటకం ఆట ఉంటే పొద్దున్నే ఇవి ఉడకాలి, చల్లారాలి, తొక్క తీసి, నూనె తగలకుండా డబ్బాలో పెట్టాలి. తమ్ముడు ఇల్లు విడిచి వెళ్లిపోయాడని మనసుకి తెలుసు. చేతులకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

వాడి తిండి ఆమె ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోలేదు. వాణ్ణి చూసి నేర్చుకుంది. కాఫీ తాగితే రంగం మీదికి వెళ్లకముందే వాడి వేళ్లు వణుకుతాయి. కారం తింటే కడుపులో మంట, ఆ మంటని వాడు భయం అనుకుంటాడు, అనుకున్న మరుక్షణం అది నిజంగానే భయం అయిపోతుంది. తీపి తింటే కాసేపు ఎక్కడలేని ధైర్యం, ఆ తర్వాత గాలి తీసిన బంతిలా కూలబడతాడు. పాలు గొంతుకి అడ్డం. కడుపు నిండుగా ఉండకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. తెర లేచే ముందు సగం అరటిపండు, గోరువెచ్చని నీళ్లు. నాటకంలో తోటివాళ్లు దీన్ని 'అక్కగారి ఆసుపత్రి' అని ఎగతాళి చేసేవాళ్లు. చేస్తే చేశారు. అంత చేసినా వాడు తెర వెనక బక్కెట్టు పట్టుకుని వాంతి చేసుకునేవాడు. ఆమె నుదురు పట్టుకునేది. అయిపోయాక మూతి కడిగి, "పదరా, పులీ" అనేది. పులి కాళ్లు వణుక్కుంటూ వెళ్లి, వెలుగులో అడుగు పెట్టగానే నిజంగానే పులి అయిపోయేది. ఆమె మెట్లు దిగి తన గూట్లోకి వెళ్లిపోయేది.

మాట అందించడం ఆమె పని. రంగస్థలం ముందు అంచున, నేలలోకి సగం దిగి, ప్రేక్షకులకి కనబడకుండా పైన చిన్న చెక్క కప్పుతో ఉండే గూడు అది. అందులో కూర్చుని, చిన్న దీపం వెలుతుర్లో నాటకం ప్రతి చూసుకుంటూ, ఎవరైనా మాట మరిచిపోతే ఆ మాట మొదటి ముక్క అందించాలి. నటుడికి వినబడాలి, ముందు వరసలో కూర్చున్నవాడికి వినబడకూడదు. గొంతులో రాగం ఉండకూడదు, ఏడుపు ఉండకూడదు, చెక్కముక్కలా ఉండాలి. ఇరవై ఏళ్లుగా ఆమె మనుషుల్ని కింది నుంచే చూసింది. గడ్డాలు, మెడలు, ముక్కుపుటాలు. అద్దంలో మొహం చూసుకునే నటుడికి తన గడ్డం కింద ఏం జరుగుతుందో తెలియదు. ఆమెకి తెలుసు.

అయితే అందించడం కంటే అందించకపోవడం కష్టం. నటుడు ఆగితే అది మరుపా, నటనా? నటనలో భాగంగా ఆగినవాడికి మాట అందించడం, ఏడుస్తున్నవాణ్ణి ఆపి ముక్కు తుడుచుకోమనడం లాంటిది. తమ్ముడి విషయంలో ఆమె ఒక్కసారి కూడా పొరబడలేదు. నటనకి ఆగితే వాడు ముందు ఊపిరి వదిలేస్తాడు. మరిచిపోతే ఊపిరి లోపలికి వెళుతుంది, బయటికి రాదు. ఎడమచేతి బొటనవేలు పక్కవేలి గోరుని గీరుతుంది. పై పెదవి మీద తడి మెరుస్తుంది. వాడి భయం ఆమెకి చదవడానికి వీలుగా వాడి ఒంటి మీద రాసి ఉండేది. అది చదివి, వాడు తను మరిచిపోయానని తెలుసుకునే లోపలే, ఆమె మాట అందించేసేది. చాలాసార్లు వాడికి మరిచిపోయిన సంగతే తెలిసేది కాదు.

గిన్నెలో నీళ్లు ఇగిరి చుయ్యిమన్నాయి. ఆమె పొయ్యి కట్టేసింది.

వాడు ఇల్లు విడవడానికి కారణమైన ఆ రోజు కూడా ఇవే దుంపలు. కొత్త నాటకం మొదలై చాలా ఆటలు అయ్యాయి. తమ్ముడిది జడ్జి వేషం. కన్నకొడుకు మీదే తీర్పు చెప్పి ఇంటికి వస్తాడు జడ్జి. భార్య తలుపు దగ్గరే నిలబడి, "ఏం చెప్పారు?" అని అడుగుతుంది. ఆయన చాలాసేపు మాట్లాడడు. తర్వాత, "వడ్డించు" అంటాడు. అంతే. ఆ ఒక్క మాటకి హాలు హాలంతా కదిలిపోతుంది.

ఆ రోజు వాడు ఆగాడు. ఆమె కింది నుంచి చూసింది. ఊపిరి నెమ్మదిగా, సమంగా ఉంది. వేళ్లు కదల్లేదు. పెదవి మీద తడి లేదు. మొహం ఖాళీ చేసిన ఇల్లులా ఉంది. అబ్బ, అనుకుంది ఆమె. ఇన్నేళ్లకి వీడికి వచ్చింది. భయం ముక్క లేకుండా, ఏమీ చెయ్యకుండా, ఊరికే నిలబడి ఇంత దుఃఖం ఎలా చూపిస్తున్నాడు! ఆ మౌనం సాగింది. ఆమె ప్రతి మీద నుంచి వేలు తీసేసింది. జీవితంలో మొదటిసారి తన పని మరిచిపోయి, టికెట్టు కొనుక్కుని వచ్చిన మనిషిలా తమ్ముడి నటన చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. మౌనం ఇంకా సాగింది. వెనక వరసల్లో ఎవరో దగ్గారు. ఎవరో నవ్వారు. జడ్జి భార్య వేషం కట్టిన అమ్మాయి మళ్లీ, "ఏం చెప్పారండీ?" అంది, నాటకంలో లేకపోయినా. అప్పుడు వాడు కళ్లు దించి గూట్లోకి చూశాడు. ఆ చూపు చూసి ఆమె వేలు ప్రతి మీద పరిగెత్తింది. చోటు దొరకలేదు. ఒక్క మాట, చిన్నపిల్లాడికి కూడా గుర్తుండే మాట, ఆమెకీ గుర్తు రాలేదు. తెర దించేశారు.

మేకప్ గదిలో వాడు విగ్గు తీసి బల్ల మీద పెట్టి, అద్దంలోంచే అన్నాడు. "మాత్రలు చూసేశావు కదా అక్కా."

"ఏం మాత్రలు?"

"నటన నేనొక్కణ్ణే నేర్చుకున్నాననుకున్నాను మనింట్లో." వాడు నవ్వాడు. "కోటు జేబులో పెట్టాను. పొద్దున ఆ కోటు ఇస్త్రీ చేసింది నువ్వే. నీకు చెప్పకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లానని కోపం. అందుకే నోరు మూసుకుని కూర్చున్నావు. వేసుకున్నాడుగా మందు, ఆ మందునే అడుగుతాడులే మాట, అనుకున్నావు."

ఆమె జేబులు వెతికే మనిషి కాదు. ఆ మాట చెప్పింది. ఎంత చెబితే అంత అబద్ధంలా వినబడింది, చివరికి ఆమెకే. రెండో రోజు వాడు బట్టలు సర్దుకుని నాటకశాల వెనక వీధిలో అద్దెగదికి మారిపోయాడు. ఆమె నాటకశాలకి వెళ్లడం మానేసింది.

ఆమె ఆ మాత్రల పేరు కనుక్కుని మందుల షాపుకి వెళ్లి అడిగింది. అక్కడి మనిషి కళ్లజోడు పైకి తోసుకుని, "మంచి మందేనమ్మా, డాక్టర్ చూసి రాస్తే. ఉబ్బసం ఉన్నవాళ్లకి మాత్రం ఇవ్వరు. గుండె దడ తగ్గిస్తుంది, చేతుల వణుకు ఆపుతుంది. పాటలు పాడేవాళ్లు, ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు వాడతారు" అన్నాడు.

"భయం పోతుందా?"

"మనసులో ఉంటే ఉండొచ్చు. ఒంటికి తెలియదు, అంతే."

"మరి మరుపు?"

"దానికీ దీనికీ సంబంధం లేదండీ. మరిచిపోయేవాళ్లు మామూలుగానే మరిచిపోతారు."

దారి పొడుగునా ఆమె ఆ మాటే నమిలింది. ఒంటికి తెలియదు. ఒంటికి తెలియకపోతే మొహానికి తెలియదు. మొహానికి తెలియకపోతే ఆమెకి ఎవరు చెబుతారు? వాడు భయాన్ని వదిలించుకున్నాడనుకుంది ఇన్నాళ్లూ. వదిలించుకోలేదు, తలుపు వేశాడు. లోపల వాడు, బయట తను. రాత్రుళ్లు పడుకుంటే తన బొటనవేలు తన గోరునే గీరుతోంది. వాడి భయం ఎక్కడికీ పోలేదు, ఇల్లు మారింది, అంతే.

ఫోన్ మోగింది. నాటక దర్శకుడు.

"అక్కగారూ, ఎలా ఉన్నారు అని అడగను. అడిగితే చెబుతారు, నాకు టైము లేదు. చెవిలో పెట్టుకునే ఆ యంత్రం ఇచ్చాం కదా మీ వాడికి, మాటలు అందించడానికి? పీకి పారేశాడు. చెవిలో ఎవరో కాపురం పెట్టినట్టుందట. నిన్న మూడో అంకంలో ఒక పేజీ మొత్తం మింగేశాడు. ఆ అమ్మాయి ఏదో అల్లి గట్టెక్కించింది."

"ఒంట్లో ఎలా ఉంది?"

"ఒంటికేం, రాయిలా ఉన్నాడు. వాంతి లేదు, వణుకు లేదు. ఇదివరకు వణుక్కుంటూ మాట మరిచిపోయేవాడు, ఇప్పుడు హాయిగా మరిచిపోతున్నాడు. వినండి. యాజమాన్యం చెప్పేసింది. ఇవాళ ఇంకోసారి ఆగితే, వచ్చే ఆట నుంచి ఆ వేషం వేరేవాళ్లకి. మళ్లీ వాడికి ఇంకో వేషం ఇచ్చేవాడు ఎవడూ ఉండడు. నేను వాడికి చెప్పలేదు. చెబితే ఇంక ఏ మాత్రా పనిచెయ్యదు. మీరు వచ్చి గూట్లో కూర్చోండి."

"వాడు నన్ను అడిగాడా?"

"అక్కగారూ, అబద్ధం చెప్పమంటారా, నిజం చెప్పమంటారా?"

"వస్తున్నాను" అంది ఆమె.

డబ్బా సర్దింది. అదీ చేతుల పనే.

నాటకశాల వెనక తలుపు దగ్గర కాపలాదారు కుర్చీలోంచి లేచాడు. "రండమ్మా, రండి. మీరు రావడం మానేశాక నేనెలా చిక్కిపోయానో చూడండి."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"డబ్బా రావడం లేదుగా మరి."

ఆమె ఆగింది. "ఏ డబ్బా?"

అతను నాలిక కరుచుకున్నాడు. కానీ మాట అప్పటికే గడప దాటేసింది. "తమ్ముడుగారే ఇచ్చేవారమ్మా. పారెయ్యడం ఎందుకు, నువ్వు తినెయ్ అని. చలికాలం నుంచీ. ఉప్పూ కారం లేకపోయినా బాగుండేవి, నిజం. మా ఆవిడ అంటుంది, నీ బీపీ దిగిందంటే అది ఆ అక్కగారి చలవేనయ్యా అని."

చలికాలం నుంచీ. అంటే ఆ రోజుకి ఎన్నో నెలల ముందు నుంచే. ప్రతి ఆట రోజూ ఖాళీ డబ్బా ఇంటికి వచ్చేది. ఆమె తెరిచి చూసి, ఒక్క ముక్క మిగల్చలేదు అని మురిసిపోతూ కడిగేది.

"పోనీలే, ఎవరో ఒకరికి పనికొచ్చాయి" అని సంచీలోంచి డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. "ఇవాళ ఉప్పు వేశానో లేదో గుర్తులేదు. చూసుకో."

మేకప్ గదిలో తమ్ముడు అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. నెరిసిన విగ్గు, మెడ దాకా బొత్తాలు పెట్టిన నల్లకోటు. బల్ల మీద మాత్రల పట్టీ బాహాటంగా పడి ఉంది, పక్కన ఖాళీ గిన్నె, సగం తిన్న అరటిపండు. బక్కెట్టు లేదు. ఆమె కళ్లు అలవాటుగా దాని చోటు కోసం వెతికి, అక్కడ వాడి చెప్పులు చూశాయి.

"ఎవరు పిలిచారు?"

"తిన్నావా?" నోట్లోంచి వచ్చేసింది.

"తిన్నాను. ఓట్స్." వాడు కనుబొమ మీద తెల్లరంగు దిద్దుకుంటున్నాడు. "డాక్టరు ఒక డైటీషియన్ దగ్గరికి పంపాడు. మాత్ర ఒక్కటే చాలదు, తిండి కూడా సరిచూసుకోవాలన్నాడు. ఆవిడ ఏం చెప్పిందో తెలుసా? కాఫీ మానెయ్. కారం వద్దు, తీపి వద్దు. కడుపు నిండా తినకు, మాడ్చుకోకు. అరటిపండు తిను. నాకు నవ్వాగలేదు. పాపం ఆవిడ తననే చూసి నవ్వాననుకుంది."

ఆమెకీ నవ్వు వచ్చింది. ఆ ఒక్క క్షణం ఇద్దరూ మళ్లీ ఒక ఇంటివాళ్లయ్యారు.

"మరి అదేదో నా దగ్గరే తినొచ్చు కదరా."

వాడి చెయ్యి ఆగింది. "నీ దగ్గర తింటే భయాన్ని కూడా కలుపుకుని తిన్నట్టుంటుంది అక్కా."

"అదేం మాట?"

"డబ్బా మూత తీసి నా మొహంలోకి చూస్తావు చూడు, ఇవాళ ఎంత భయపడుతున్నానో అని. ఎప్పుడైనా భయపడకపోతే నీ మొహం ఎలా పాలిపోతుందో నువ్వు చూసుకోలేదు. నేను చూశాను. నిన్ను సంతోషపెట్టడానికి వాంతి చేసుకున్న రోజులున్నాయి, నమ్ముతావా?"

నమ్మకూడదనుకుంది. కానీ ఎక్కడో లోపల ఎవరో తలుపు తీసి, అవును, వాడు చెప్పింది నిజమే, అని నెమ్మదిగా మళ్లీ వేసుకున్నట్టయింది. స్కూల్లో వాడు పద్యం అప్పజెప్పలేక వణుకుతుంటే తెర వెనక నిలబడి పెదవులు కదిపిన నాటి నుంచీ, వాడికి భయం వేసినప్పుడల్లా తనకి ఒక చోటు ఉండేది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, వీణ్ణి ఎవరు చూస్తారు, అని నవ్వి ఊరుకునేది. వీడు బాగుపడాలని ఇరవై ఏళ్లు దుంపలు ఉడకబెట్టింది. బాగుపడితే ఏమవుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

"ఆ రోజు నేను మాత్రలు చూడలేదు నాన్నా" అంది.

"మళ్లీ మొదలెట్టకు."

"చూసి ఉంటే నీ భయం గుర్తులు మారిపోయాయని తెలిసేది. ఇంకా జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండేదాన్ని."

"అయితే ఎందుకు ఊరుకున్నావు? ఆ ఒక్కటి చెప్పు. నిజం చెప్పు."

"చాలా బాగా చేస్తున్నావనుకున్నాను."

వాడు మొదటిసారి అద్దం వదిలి ఆమె వైపు తిరిగాడు. సగం తెల్లబడ్డ కనుబొమ కింద ఆ కళ్లు చిన్నప్పటివే.

"లోపల ఏమీ లేదు అక్కా అప్పుడు" అన్నాడు. "భయం లేదు, మాట లేదు, కొడుకు లేడు, జడ్జీ లేడు. నా బతుకులో అంత చెత్తగా ఎప్పుడూ నిలబడలేదు. అది చూసి బాగుందనుకున్నానంటావు. అబద్ధమైనా కాస్త అతికేలా చెప్పు."

ఇంతకంటే నిజం ఆమె దగ్గర లేదు. ఉన్న నిజం వాడికి పనికిరాలేదు. మొదటి గంట మోగింది.

"సరే. నన్ను నమ్మకు" అంది త్వరత్వరగా. "ఒక్క పని చెయ్యి. మరిచిపోతే కుడిచెయ్యి కుర్చీ వెన్ను మీద పెట్టు. నాకు తెలుస్తుంది. ఇంకెవ్వరికీ తెలియదు."

"మరిచిపోను."

"పెట్టు నాన్నా, నీకు పుణ్యం ఉంటుంది. నాకు నువ్వు కనబడటం లేదురా ఇప్పుడు."

"కుర్చీ మీద చెయ్యి పెట్టాలని గుర్తున్నవాడికి మాట గుర్తుండదా?" వాడు లేచి కోటు సర్దుకున్నాడు. "గూట్లో కూర్చుంటానంటే కూర్చో. నిన్ను వద్దనడానికి నేనెవర్ని, నాటకం వాళ్లు పిలిచారు. కానీ విను. నేను మరిచిపోకుండా ఆగినప్పుడు నువ్వు నోరు తెరిచావంటే, నన్ను ఇంకా ఆ బక్కెట్టు దగ్గర నిలబెట్టాలనే చూస్తున్నావని అనుకుంటాను. ఇక నీకూ నాకూ ఏమీ లేదు. అక్క ఉందని కూడా చెప్పుకోను."

వాడు వెళ్లిపోయాడు. అడుగులు తడబడలేదు. నుదురు పట్టుకోనివ్వడానికి ఆగలేదు.

గూట్లో అదే దుమ్ము వాసన, అదే చిన్న దీపం. ఆమె ప్రతి తెరిచి వేలు పెట్టింది. వేలు వణికింది. రెండో చేత్తో పట్టుకుని ఆపింది.

మొదటి అంకం సాఫీగా నడిచింది. రెండో అంకంలో జడ్జి ఇంటికి వచ్చాడు. భార్య తలుపు దగ్గర నిలబడి అడిగింది. "ఏం చెప్పారు?"

వాడు ఆగాడు. ఆమె గొంతు తడి చేసుకుని, మాట నాలిక చివర పెట్టుకుని కూర్చుంది. కింది నుంచి వాడి గడ్డం, మెడ. ఊపిరి సమంగా ఉంది. దాంట్లో చదవడానికి ఏమీ లేదు. తెల్లకాగితం. ఇప్పుడా? ఇంకాసేపా? నాలిక కదలబోయింది. అప్పుడు వాడు ఎంతో నెమ్మదిగా, ఎవరినీ చూడకుండా, "వడ్డించు" అన్నాడు.

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆమె తల గూటి చెక్కకి ఆనించి కళ్లు మూసుకుంది. గట్టెక్కాడు. తను లేకుండానే. మాత్ర, ఓట్స్, ఎవరో డాక్టరు, ఎవరో ఆవిడ, వీళ్లందరూ కలిసి వాణ్ణి ఒడ్డుకి చేర్చారు. సంతోషించాలి కదా, సంతోషించు, అని తనకి తానే చెప్పుకుంది. సంతోషం వచ్చింది కూడా. కానీ దాని వెంట ఇంకేదో వచ్చి, గూట్లో ఆమె పక్కనే సర్దుకుని కూర్చుంది.

మూడో అంకంలో పెద్ద మౌనాలేమీ లేవు. జడ్జి జైల్లో ఉన్న కొడుకుని చూడటానికి బయల్దేరతాడు. భార్య, "ఈ వానలో ఎక్కడికి?" అంటుంది. ఆయన, "గొడుగు ఎక్కడ పెట్టావు?" అని అడుగుతాడు. ఎవరూ పట్టించుకోని మాట. సాధనలో కూడా దాని గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

"ఈ వానలో ఎక్కడికి?" అంది ఆ అమ్మాయి.

వాడు తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

ప్రతిలో ఇక్కడ విరామం లేదు. కానీ ఇవాళ వాడు రెండుమూడు చోట్ల కొత్తగా ఆగాడు, ఆగిన ప్రతిచోటా బాగుంది. ఇదీ అలాంటిదేనేమో. ఆమె మెడ చాచి చూసింది. నల్లకోటు ఎంత నెమ్మదిగా లేస్తోందో అంత నెమ్మదిగా దిగుతోంది. రెండు చేతులూ పక్కన వేలాడుతున్నాయి. కుర్చీ వాడికి అందేంత దగ్గర్లోనే ఉంది, చెయ్యి దాని వైపు వెళ్లలేదు. మొహంలో సగం కనబడుతోంది. అందంగా ఉంది. కొడుకుని చూడాలని ఉండి, వెళ్లడానికి కాళ్లు రాని తండ్రి ఎలా ఉంటాడో అచ్చం అలా ఉంది. ఆ రోజు కూడా ఇలాగే ఉంది.

ఆమె ఆ అమ్మాయి కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో కంగారు ఉంది. అయితే భర్త జైలుకి బయల్దేరుతుంటే భార్య కళ్లలో కంగారే ఉండాలి. పక్కతెర చాటున దర్శకుడి నీడ ముందుకి జరిగి ఆగింది. ముందు వరసలో ఎవరో కాలు మీద కాలు మార్చుకున్నారు.

మరుపు కాకపోతే, తన గొంతు వినగానే వాడికి అక్క ఉండదు. మరుపే అయితే, మాట అందుకుంటాడు, తెర పడేదాకా నడుస్తాడు. నడిచాక, ఇన్నాళ్లూ భయం లేదని చెప్పుకున్న మనిషిని మళ్లీ చెయ్యి పట్టుకుని నడిపించినదాన్ని క్షమిస్తాడా? క్షమించడు. వాడి నుదురు ఆమె అరచేతికి తెలుసు, అది క్షమించే నుదురు కాదు. నోరు తెరిస్తే, ఎటు చూసినా తను పోగొట్టుకునేది ఒకటే. ఊరుకుంటే మాత్రం, మరుపే అయితే, ఈ వెలుగు వాడికి ఇదే ఆఖరు.

అక్కడితో లెక్క తేలిపోయింది. ఇంత చిన్న లెక్కకి ఇంతసేపు పట్టిందేమిటా అనిపించింది. ఇరవై ఏళ్లలో అవసరం లేని మాట ఒక్కటీ అందించలేదన్న పేరు ఉంది ఆమెకి. అది కూడా పోతే పోనీ.

ఆమె వేలు వణకడం మానేసింది. ముందుకి వంగి, చెక్క కప్పు కింద నుంచి తమ్ముడి గడ్డం వైపు చూస్తూ, రాగం లేకుండా, ఏడుపు లేకుండా, "గొడుగు" అంది.